కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేశాక కూడా అపాచీలో పాత లోపమే కనిపిస్తోందంటే ఏం చూడాలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ సంస్థలో రెండు వెబ్ సర్వర్లు ఉన్నాయి. మొదటిదానిలో మీకంటే ముందు పనిచేసినవారు అపాచీ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ 2.4.49 వెర్షన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టి వెళ్లారు. భద్రతా పరీక్షలో దానికి సీవీఈ-2021-41773 (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే సంఖ్య) లోపం ఉందని తేలడంతో మీరు 2.4.51ను కంపైల్ చేసి, అదే డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేసి, వాడుకరులకు అంతరాయం కలగకూడదని గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఇచ్చారు. వెర్షన్ అడిగితే 2.4.51 అనే చెబుతోంది, స్కానర్ మాత్రం పాత లోపం ఇంకా ఉందనే అంటోంది. రెండోది ఉబుంటు 22.04, అందులోని అపాచీ 2.4.52ను కూడా స్కానర్ ఎర్రగా చూపిస్తోంది. స్కానర్ మాట నమ్మాలా, లేక 2.4.48కి వెనక్కి వెళ్లిపోవడం మేలా అని అడిగారు.

మొదటి సర్వర్ విషయంలో స్కానర్ చెప్పింది నిజం. గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఇచ్చినప్పుడు అపాచీ పేరెంట్ ప్రాసెస్ (మిగతా ప్రాసెస్‌లను పుట్టించే మొదటిది) చనిపోదు. అది కాన్ఫిగ్ ఫైలును మళ్లీ చదువుతుంది, విడిగా లోడయ్యే మాడ్యూళ్లను దించి మళ్లీ ఎక్కిస్తుంది, చేతిలో ఉన్న అభ్యర్థనలు పూర్తికాగానే పాత వర్కర్లను (అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రాసెస్‌లను) పంపించి కొత్తవాటిని పుట్టిస్తుంది. కానీ ఆ కొత్త వర్కర్లు పుట్టేది పాత పేరెంట్ నుంచే కనుక, మెమరీలో ఉన్న ప్రధాన కోడ్ మొదట్లో స్టార్ట్ చేసిన 2.4.49దే. ఈ లోపం ఉన్నది మాడ్యూల్‌లో కాదు, యూఆర్ఎల్ మార్గాన్ని శుభ్రం చేసే ప్రధాన కోడ్‌లో. అందువల్ల డిస్కు మీద 2.4.51 ఉన్నా, పోర్టు దగ్గర జవాబిస్తున్నది 2.4.49. మీరు వెర్షన్ అడిగిన ఆదేశం డిస్కు మీది బైనరీని కొత్తగా నడిపి దాని వెర్షన్‌ను చెబుతుందే తప్ప, నడుస్తున్న ప్రాసెస్‌ను అడగదు. అపాచీ సొంత నియంత్రణ ఆదేశంతో మామూలు రీస్టార్ట్ ఇచ్చినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అందులో కూడా వర్కర్లను చంపుతారే గానీ పేరెంట్ అలాగే ఉండిపోతుంది. పూర్తిగా స్టాప్ చేసి, ప్రాసెస్‌లన్నీ పోయాయని చూసుకుని, తిరిగి స్టార్ట్ చేయాలి. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను ఆపి మొదలుపెట్టే వ్యవస్థ) ద్వారా రీస్టార్ట్ ఇస్తే అది ఆపి మొదలుపెడుతుంది, కానీ సోర్స్ నుంచి కట్టిన సర్వర్లకు చాలాచోట్ల సిస్టమ్‌డీ యూనిట్ ఉండదు. మీకూ లేదనే అనుకుంటున్నాను.

దీన్ని కళ్లతో చూసి నిర్ధారించుకోవచ్చు. మాడ్-స్టేటస్ (అపాచీ తన స్థితిని తానే చూపించే మాడ్యూల్) పేజీ తెరిచి ఉంటే అందులో సర్వర్ వెర్షన్, అది బిల్డ్ అయిన తేదీ, పేరెంట్ కాన్ఫిగ్ జనరేషన్ అనే సంఖ్య కనిపిస్తాయి. ఆ సంఖ్య 7 అనో 12 అనో ఉంటే, పేరెంట్ మారకుండా పలుమార్లు కాన్ఫిగ్ తిరగ చదివారని అర్థం. ఆపి మొదలుపెడితే అది మళ్లీ 1 నుంచి వస్తుంది. స్టేటస్ పేజీ లేకపోతే, ప్రాక్ డైరెక్టరీలో పేరెంట్ ప్రాసెస్ నంబర్ కింద ఎగ్జి అనే లింకు చూడండి. పాత బైనరీ స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటే ఆ లింకు చివర బ్రాకెట్లలో డిలీటెడ్ అని కనిపిస్తుంది. డిస్కు మీద లేని ఫైలు మెమరీలో నడుస్తోందనడానికి అంతకన్నా రుజువు అక్కరలేదు.

అయితే ఇప్పుడే ఆపకండి. ఎందుకో చెప్పేముందు ఈ లోపం ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు చేయవలసిన పని అరగంటలో పూర్తయ్యేదా, కొత్త యంత్రం కట్టవలసినంతదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.

ఒక యూఆర్ఎల్‌లో రెండు చుక్కలు, ఒక స్లాష్ గీత వస్తే పై డైరెక్టరీకి వెళ్లమని అర్థం. ఎవరైనా వాటిని వరసగా పేర్చి వెబ్ డైరెక్టరీ దాటి బయటకు వెళ్లకుండా సర్వర్ ముందే వాటిని తొలగిస్తుంది. చుక్కను నేరుగా రాయకుండా %2ఈ (ఇందులో ఈ అన్నది ఇంగ్లిష్ అక్షరం e) అనే సంకేతంతో కూడా రాయవచ్చు కనుక, ఆ సంకేతాన్ని విప్పి మరీ చూడాలి. 2021 సెప్టెంబరులో వచ్చిన 2.4.49లో ఈ పనిచేసే ఫంక్షన్‌ను కొత్తగా రాశారు. అది ఒక్కొక్క అక్షరాన్ని విప్పుతూ ముందుకు వెళ్తుంది. మొదటి చుక్క దగ్గరకు రాగానే దాని పక్కన రెండో చుక్క ఉందా అని చూస్తుంది, కానీ ఆ రెండోది %2ఈ రూపంలో ఉంటే ఆ క్షణానికి అది ఇంకా ముసుగులోనే ఉంది. కాబట్టి రెండు చుక్కలు లేవనుకుని ముందుకు వెళ్లిపోతుంది. తరువాతి అడుగులో ముసుగు తొలగి అది చుక్కగా మారుతుంది గానీ, అప్పటికే తనిఖీ దాటిపోయింది. దీన్ని 2021 అక్టోబరు 4న వచ్చిన 2.4.50లో సరిచేశారు. ఆ సవరణ ఒక పొర ముసుగును మాత్రమే పట్టుకుంది. %%32%65 అని రాస్తే ఒకసారి విప్పినప్పుడు %2ఈ అవుతుంది, ఆ తరువాతి దశలో మరోసారి విప్పినప్పుడు చుక్క అవుతుంది. దానికి సీవీఈ-2021-42013 అని వేరే సంఖ్య ఇచ్చి, అక్టోబరు 7న 2.4.51 విడుదల చేశారు.

ఆ తేదీ నాకు బాగా గుర్తుంది, దేవీ నవరాత్రులు మొదలైన రోజు. అంతకుముందు రోజే మేము చూసుకునే ఒక సంస్థలో నాలుగు సర్వర్లకు 2.4.50 వేసి, పని అయిపోయిందని లేఖ కూడా పంపించాం. మరుసటి రాత్రి మళ్లీ కూర్చుని, తెల్లవారేలోపు అదే నాలుగింటికి 2.4.51 వేశాం. రెండోసారి వేస్తున్నప్పుడు యాక్సెస్ లాగ్ తెరిచి ఉంచాను. సీజీఐ-బిన్ అని మొదలై, వరసగా శాతం గుర్తులతో తెర చివరి దాకా సాగిన ఒక పొడవాటి అభ్యర్థన కళ్లముందే వచ్చింది, దాని చివర 403 (అనుమతి లేదు) అని ఉంది. ఆ అభ్యర్థన 2.4.50 తనిఖీని దాటింది, అయినా ఫైలు వెళ్లలేదు. దానికి కారణం ప్యాచ్ కాదు, కాన్ఫిగ్‌లోని ఒక్క వరస.

ఆ వరస ఏమిటంటే, అపాచీతో వచ్చే మూల కాన్ఫిగ్ ఫైలులో మొత్తం ఫైల్ వ్యవస్థకు మూలమైన డైరెక్టరీ స్లాష్ అనే భాగంలో రిక్వైర్ ఆల్ డినైడ్ అని ఉంటుంది. ముందు అంతటినీ మూసివేసి, ఆ తరువాత వెబ్ డైరెక్టరీని మాత్రం తెరవడం దాని పద్ధతి. అది చెక్కుచెదరకుండా ఉంటే మార్గం వెబ్ డైరెక్టరీ దాటినా సర్వర్ ఫైలును ఇవ్వదు. అందులో డినైడ్ తీసేసి గ్రాంటెడ్ అని పెట్టి ఉంటే 2.4.49లో సర్వర్ చదవగలిగిన ప్రతి ఫైలూ బయటివారికి అందుతుంది. దానికి తోడు సీజీఐ మాడ్యూల్ (వెబ్ అభ్యర్థన మీద సర్వర్‌లో ప్రోగ్రామ్‌లను నడిపించేది) కూడా నడుస్తుంటే షెల్‌నే (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రామ్‌నే) పిలిచి ఆదేశాలు నడిపించవచ్చు. పాత 2.2 కాలపు కాన్ఫిగ్‌ల నుంచి తెచ్చుకున్నవైతే అదే అర్థంలో అలౌ ఫ్రమ్ ఆల్ అని ఉండవచ్చు. ఈ మార్పు ఎందుకు చేస్తారో కూడా చెబుతాను. సైటును కొత్త డిస్కుకు మార్చినప్పుడు 403 వస్తుంది. ఆ ఒక్క డైరెక్టరీకి అనుమతి రాయడానికి బదులు తొందరలో మూలం దగ్గరే గ్రాంటెడ్ అని మారుస్తారు, సైటు పనిచేస్తుంది, ఆ వరసను మళ్లీ ఎవరూ చూడరు. నేను చూసిన ఒక ఫైలులో దాని పక్కనే తాత్కాలికం అని వ్యాఖ్య ఉంది, ఫైలు తేదీ చూస్తే మూడేళ్ల కిందటిది.

కాబట్టి మొదట మీరు తెరవవలసింది ఆ కాన్ఫిగ్ ఫైలు. ఇన్‌క్లూడ్ ద్వారా కలిసే ఫైలన్నిటినీ చూడండి, వర్చువల్ హోస్టుల (ఒకే సర్వర్‌లోని వేర్వేరు సైట్ల భాగాల) లోపల కూడా చూడండి. మూలం దగ్గర డినైడ్ ఉండి, మొదటి నుంచీ అలాగే ఉందని బ్యాకప్‌ల ద్వారానో గిట్ చరిత్ర ద్వారానో నిర్ధారించుకోగలిగితే, ఈ లోపం వల్ల మీకు నష్టం జరిగి ఉండే అవకాశం చాలా తక్కువ, స్టాప్-స్టార్ట్‌తో పని ముగుస్తుంది. గ్రాంటెడ్ అని ఉంటే మాత్రం వేరే సంగతి. ఈ దాడి వివరాలు 2021 అక్టోబరు మొదటి వారం నుంచి బహిరంగంగా ఉన్నాయి, ఇంటర్నెట్ అంతటినీ వెతికే ఆటోమేటిక్ స్క్రిప్టులు ఆ రోజుల నుంచే దీన్ని ప్రయత్నిస్తున్నాయి. అన్నేళ్లు తెరిచి ఉన్న సర్వర్‌లోకి ఎవరూ రాలేదని అనుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. లాగ్‌లు అంత వెనక్కి లేకపోతే, వచ్చారనే భావించి కొత్త యంత్రం మీద సైటును తిరిగి కట్టండి. ఇది యాజమాన్యానికి చెప్పడం కష్టమని నాకు తెలుసు, అయినా ఈ మాటను మెత్తబరచి చెప్పలేను.

ఇప్పుడే ఆపవద్దని చెప్పిందీ ఇందుకే. ప్రాసెస్‌ను ఆపితే దాని కింద దాక్కున్న వేరే ప్రాసెస్‌ల జాడ చెరిగిపోవచ్చు. ముందుగా నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా, తెరిచి ఉన్న నెట్‌వర్క్ కనెక్షన్లు, అపాచీ నడిచే వాడుకరి పేరు మీద ఉన్న క్రాన్ పనులు (నిర్ణీత సమయాల్లో వాటంతట అవే నడిచేవి), టెంప్ డైరెక్టరీ, షేర్డ్ మెమరీ డైరెక్టరీ, వీటన్నిటినీ వేరే యంత్రానికి నకలు తీసుకోండి. వీలుంటే డిస్కు స్నాప్‌షాట్ కూడా తీయండి. అపాచీ వాడుకరి పేరుతో అపాచీ కాని ప్రాసెస్ ఏదైనా సీపీయూను నిండా తింటూ కనిపిస్తే అది తరచుగా క్రిప్టో మైనర్ అయి ఉంటుంది.

తరువాత లాగ్‌లు. %2ఈ అన్నదాన్ని పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా వెతకండి, %%32%65 కోసం విడిగా వెతకండి. దొరికిన వరసల్లో చివరి స్థితి సంఖ్యే మీకు అసలు సంగతి చెబుతుంది. 403 అంటే మార్గం తనిఖీని దాటింది, కాన్ఫిగ్ ఆపింది. ఎర్రర్ లాగ్‌లో క్లయింట్ డినైడ్ బై సర్వర్ కాన్ఫిగరేషన్ అని ఉంటుంది. 200 అంటే ఫైలు బయటకు వెళ్లింది, లేదా ఆదేశం నడిచింది. చాలామంది పట్టించుకోకుండా వదిలేసేది 500. షెల్‌ను సీజీఐగా పిలిచినప్పుడు అది హెడర్ ఏమీ రాయకపోతే సర్వర్ 500 ఇస్తుంది, ఎర్రర్ లాగ్‌లో ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ అవుట్‌పుట్ బిఫోర్ హెడర్స్ అని పడుతుంది. అంటే అక్కడ షెల్ మొదలైంది. అది విఫలమైన దాడి అనుకుని దాటిపోవడం పొరపాటు. జవాబు మాత్రమే విఫలమైంది, ఆదేశం నడిచే ఉండవచ్చు. ఏ ఆదేశం నడిచిందో యాక్సెస్ లాగ్‌లో దొరకదు, ఎందుకంటే అది పోస్ట్ అభ్యర్థన లోపలి భాగంలో వస్తుంది, ఆ భాగాన్ని లాగ్ రాయదు. సరిగా ప్యాచ్ అయిన సర్వర్‌లో ఇవే అభ్యర్థనలకు 400 వస్తుంది, ఎర్రర్ లాగ్‌లో ఇన్‌వాలిడ్ యూఆర్ఐ పాత్ అని ఉంటుంది. మీరు స్టాప్-స్టార్ట్ చేశాక స్కానర్‌ను మళ్లీ నడిపించి, దాని నివేదికకన్నా ముందు మీ లాగ్‌లో 403 స్థానంలో 400 వచ్చిందా అని చూసుకోండి.

ఫైళ్లు బయటకు వెళ్లాయని తేలితే, అపాచీ వాడుకరి చదవగలిగినవన్నీ వెళ్లాయనే లెక్క. టీఎల్ఎస్ ప్రైవేట్ కీ రూట్‌కు మాత్రమే అనుమతులతో ఉంటే వర్కర్లు దాన్ని చదవలేరు. కానీ డేటాబేస్ పాస్‌వర్డ్, ఎస్ఎంఎస్ గేట్‌వే కీ, చెల్లింపుల కీ ఉన్న అప్లికేషన్ కాన్ఫిగ్ ఫైలును మాత్రం వారు చదవగలరు, చదవలేకపోతే మీ సైటే నడవదు. వాటన్నిటినీ మార్చాలి. చొరబాటు జరిగిందని గుర్తిస్తే, 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం 6 గంటల లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ 6 గంటలు మీరు గుర్తించినప్పటి నుంచి లెక్కలోకి వస్తాయి కనుక, లాగ్‌లు తెరిచే ముందే యాజమాన్యంలో ఎవరికి చెప్పాలో తేల్చుకోండి.

ఇక ఏ వెర్షన్‌కు వెళ్లాలన్నది. 2.4.48కి వెనక్కి వెళ్లవద్దు. ఈ మార్గం లోపం అందులో లేని మాట నిజమే, కానీ 2.4.49 వచ్చిందే పాత లోపాలను మూయడానికి. వాటిలో ఒకటి సీవీఈ-2021-40438, ప్రాక్సీ మాడ్యూల్ ద్వారా బయటివారు మీ సర్వర్‌తో లోపలి యంత్రాలకు అభ్యర్థనలు పంపించగల లోపం. అప్పట్లో ఆలస్యం చేయకుండా 2.4.49 వేసుకున్న జాగ్రత్తపరులే ఈ కొత్త లోపానికి గురయ్యారు, అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. వెనక్కి వెళ్తే ఒక తలుపు మూసి ఇంకొకటి తెరిచినట్లే. 2.4.51 దగ్గర ఆగడం కూడా సరికాదు. ఆ డిసెంబరులోనే లువా మాడ్యూల్‌లో మెమరీ లోపాన్ని సరిచేస్తూ 2.4.52 వచ్చింది, ఆ తరువాత ఇంకా చాలా వచ్చాయి. మీ నివేదికలో 2.4.51లో సరైంది అని ఉంటే అది కనీస గీత మాత్రమే, 2.4 శ్రేణిలో ఈ రోజుకు తాజా విడుదల ఏదో అదే వేయండి. వేసిన వారం రోజులు అపాచీ ప్రకటనల జాబితాను కూడా గమనించండి. 2021లో జరిగినట్లే 2024 జూలైలోనూ జరిగింది. 1వ తేదీన 2.4.60 వచ్చింది, అందులోని మార్పు వల్ల కొన్ని సెట్టింగుల్లో పీహెచ్‌పీ వంటి ఫైళ్ల సోర్సే బయటపడుతుండడంతో 3న 2.4.61, అదీ అసంపూర్ణమని తేలి 17న 2.4.62 విడుదల చేయవలసి వచ్చింది.

సోర్స్ నుంచి కట్టేటప్పుడు రెండు మూడు విషయాలు. దించుకున్న ఫైలు సంతకాన్ని అపాచీ ప్రచురించిన కీలతో సరిచూడండి. పాత సర్వర్‌ను ఏయే ఆప్షన్లతో కట్టారో గుర్తులేదని దిగులు పడనక్కరలేదు. పాత ఇన్‌స్టాలేషన్‌లో బిల్డ్ డైరెక్టరీ కింద కాన్ఫిగ్.నైస్ అనే ఫైలు ఉంటుంది, అప్పటి ఆప్షన్లన్నీ అందులో యథాతథంగా ఉంటాయి. మీరు చేసినట్లు పాత డైరెక్టరీ మీదే కొత్తది పరచకుండా, వెర్షన్ పేరుతో వేరే డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేసి, స్థిరమైన పేరుతో ఒక సింబాలిక్ లింకును దానికి తిప్పండి. అప్పుడు కాన్ఫిగ్ పరీక్ష ఆదేశాన్ని కొత్త బైనరీతో నడిపి చూసి, సింటాక్స్ ఓకే అని వచ్చాకే పాతది ఆపవచ్చు. ఆగి మొదలయ్యే మధ్య పట్టేది కొన్ని సెకన్లు మాత్రమే. ఆ కొన్ని సెకన్ల కోసం గ్రేస్‌ఫుల్ వైపు వెళ్లినందుకే మీకు ఈ చిక్కు వచ్చింది. ఈ రాత్రికే వెర్షన్ మార్చడం కుదరకపోతే, మూలం దగ్గర డినైడ్ పెట్టి, మీ వెబ్ డైరెక్టరీకి మాత్రం అనుమతి ఇచ్చి, వాడకంలో లేకపోతే సీజీఐ మాడ్యూల్‌ను తీసేయండి. ఈ మార్పులకు గ్రేస్‌ఫుల్ సరిపోతుంది, ఎందుకంటే ఇవి కాన్ఫిగ్‌కు సంబంధించినవి.

రెండో సర్వర్ గురించి దిగులు అవసరం లేదు, కానీ తనిఖీ అవసరం. ఉబుంటు 22.04 తన జీవితకాలమంతా 2.4.52 అనే సంఖ్యనే ఉంచి, తరువాతి భద్రతా సవరణలను ఆ కోడ్‌లోకే వెనక్కి తెచ్చి కలుపుతుంది. రెడ్‌హ్యాట్ 8లో 2.4.37 అని కనిపించడమూ అందుకే. మీ స్కానర్ వెర్షన్ సంఖ్యను మాత్రమే చూసి ఎర్రగా చూపిస్తోంది. ప్యాకేజీ పూర్తి వెర్షన్‌లో చివర ఉబుంటు అని వచ్చే భాగం చూడండి, ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలను నిర్వహించే ఆదేశం) ద్వారా ఆ ప్యాకేజీ మార్పుల చరిత్ర తెరిచి, నివేదికలోని ప్రతి సీవీఈ సంఖ్యనూ అందులో వెతకండి. దొరికితే ఆ వరసను నివేదికకు జవాబుగా జతచేయండి. స్కానర్‌ను ఊరుకోబెట్టడానికి దీని మీద కూడా సోర్స్ నుంచి కొత్త వెర్షన్ కట్టాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఆటోమేటిక్‌గా సవరణలు అందుతున్న సర్వర్‌ను, ఎవరో గుర్తుపెట్టుకుని కట్టవలసిన సర్వర్‌గా మార్చినట్లవుతుంది. నన్నడిగితే మొదటిదాన్నే ప్యాకేజీ పద్ధతికి మార్చాలి. ఎక్కడైనా కంటైనర్లు (ఒక ఇమేజ్ నుంచి విడిగా నడిచే ప్రోగ్రామ్‌లు) ఉంటే వాటిని కూడా లెక్కలోకి తీసుకోండి. హోస్టులో ప్యాకేజీలన్నీ తాజాగా ఉన్నా, 2.4.49 అని ట్యాగ్ రాసి ఉన్న ఇమేజ్ ఎన్నిసార్లు మొదలుపెట్టినా 2.4.49గానే వస్తుంది.

ముందుగా మొదటి సర్వర్‌లో డైరెక్టరీ స్లాష్ భాగం, సీజీఐ మాడ్యూల్ లోడ్ అవుతోందో లేదో చెప్పే వరస, %2ఈ ఉన్న లాగ్ వరసలు పదో ఇరవయ్యో, ఈ మూడింటినీ ఐపీ చిరునామాలు, డొమైన్ పేరు కనిపించకుండా చెరిపేసి ఇక్కడ పెట్టండి. లాగ్‌లో 200 గానీ 500 గానీ కనిపిస్తే నా జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయండి, కరెంటు మాత్రం ఆపకండి.